గెడ్డ నీటికి బ్యాక్టీరియా వైద్యం

పెంటగోతిలో వేసిన పేడ, ఊక, ఊడ్చిన చెత్త ఏడాది తిరిగేసరికి నల్లని గత్తం (ఎరువు) అవుతాయి. ఆ పని చేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. శ్రీకాకుళం రైతుకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. అలాంటి సూక్ష్మజీవులే మట్టిలో ఇంకిన చమురును, నీటిలో కలిసిన ఎన్నో రసాయన ద్రావకాలను కూడా తిని బతుకుతాయి. పైడిభీమవరం పారిశ్రామికవాడ చుట్టుపక్కల, కందివలస గెడ్డ (వాగు) వెంబడి, బ్యాక్టీరియాతో కాలుష్యాన్ని శుద్ధి చేసే ఈ పద్ధతిని పరీక్షించి చూడాలని మేము కోరుతున్నాం.

సంచుల్లో దొరికే బ్యాక్టీరియా పొడి తెచ్చి గెడ్డలో చల్లితే సరిపోదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికినప్పుడు, తీరం మీద నత్రజని, భాస్వరం ఎరువులు వేశారు. అక్కడే ఉన్న బ్యాక్టీరియాకు తిండి అంది, అవి పెరిగి చమురును వేగంగా కరిగించాయి. మన మట్టిలో ఏ బ్యాక్టీరియా ఉంది, దానికి ఏం కొరవడిందో ముందు తేల్చాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి ఈ పని అప్పగించవచ్చు.

దీనికి హద్దులున్నాయి. సీసం, కాడ్మియం వంటి లోహాలను ఏ జీవీ మాయం చేయలేదు. మందుల పరిశ్రమల వ్యర్థజలంలో ఉప్పు మోతాదు మించితే బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. యాంటీబయాటిక్ అవశేషాలుంటే మందులకు లొంగని క్రిములు పుట్టుకొస్తాయి, ఇది ఇంకా ప్రమాదం. అందుకే వ్యర్థజలం శుద్ధి ఫ్యాక్టరీ గోడ లోపలే జరగాలి. అక్కడి శుద్ధి ప్లాంట్లలోనూ చాలావరకు పనిచేసేది బ్యాక్టీరియానే. వాటికి ఊపిరి గాలి ఊదే బ్లోయర్లు. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిపూట వాటిని ఆపితే, తెల్లవారేసరికి ట్యాంకులో నీరు కుళ్లు వాసన కొడుతుంది. బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయో, నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కాలుష్య నియంత్రణ మండలి రోజూ నమోదు చేయించాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలం నేటికీ తేలని జిల్లా ఇది. నీళ్లంటే ఇక్కడి తల్లులకున్న భయాన్ని ఏ అధికారీ తేలిగ్గా తీసుకోకూడదు. గెడ్డ ఒడ్డు ఊళ్లలో బోరు నీటి పరీక్షల ఫలితాలను తెలుగులో రాసి, నెలనెలా సచివాలయం గోడకు అంటించాలి. ప్రయోగం మొదలుపెట్టకముందు ఉన్న లెక్క కూడా అందులో ఉండాలి.