చుట్టాలు చూడని చోట చవక వైరు

తెలుగింటి ఖర్చుకు ఒక మూలసూత్రం ఉంది. ఆర్థికవేత్తలు ఇంతవరకు దాన్ని పట్టించుకోలేదు గానీ, మేడ మెట్లెక్కే ఓపిక ఉన్నవారెవరికైనా అది కనిపిస్తుంది. చుట్టాల కంటపడే వస్తువుకు వేలు, కాకుల కంటపడే వస్తువుకు పదులు. హాల్లో టీవీ పక్కన నాలుగు కొమ్ముల రౌటర్, దాని కింద లేసు గుడ్డ. ఆ రౌటర్‌కు ప్రాణం పోసే వైరు మాత్రం డాబా మీద నీళ్ల ట్యాంకు పైపుకు బైండింగ్ వైరుతో కట్టించుకుని, ఆరేసిన చీరలతో పాటు ఊగుతూ ఉంటుంది.

2023లో ఎయిర్‌ఫైబర్లు వచ్చాక ఇంటర్నెట్ గాలిలో వస్తోందని అందరం సంతోషించాం. గాలిలో వచ్చేది డాబా దాకానే. అక్కడినుంచి హాల్లోకి డేటా దిగాల్సిందీ, పైన సిగ్నల్ పట్టే డబ్బాకు కరెంటు ఎక్కాల్సిందీ ఆ ఒక్క వైరు మీదే.

"ఏ కేబుల్ ఇమ్మంటారు సార్?" అని షాపతను అడుగుతాడు. లాంఛనం. "ఏదో ఒకటివ్వు బాబూ, పైనే కదా!" అంటాం. అదీ లాంఛనమే. గదిలో గోడవారగా బతకాల్సిన బూడిదరంగు పీవీసీ వైరు అలా డాబా ఎక్కుతుంది. రామగుండం ఎండ సంగతి దానికెవరూ చెప్పి ఉండరు. అతినీలలోహిత కిరణాలకు దాని తొడుగు పెళుసెక్కి పగుళ్లు తీస్తుంది. బయట వేసే వైరుకు నల్లటి పాలిథిన్ తొడుగు ఉంటుంది, అందులో కలిపిన కార్బన్ ఆ కిరణాలను లోపలికి పోనివ్వదు. కానీ నలుపు గోడ రంగుకు మ్యాచ్ కాదని ఇంటాయన అభ్యంతరం. న్యాయమే, ఎలివేషన్ ముఖ్యం.

చవక వైరులో రాగి ఉండదనడం కూడా అన్యాయం. ఉంటుంది, పైపూతగా. లోపలంతా అల్యూమినియం. వన్ గ్రామ్ గోల్డ్ హారంతో పెళ్లికెళ్లే మనకు ఇందులో వింతేముంది? చాకుతో గీరితే తెల్లగా బయటపడుతుంది, మర్యాదస్థులు గీరరు. రాగి కంటే అల్యూమినియం నిరోధం దాదాపు 1.6 రెట్లు. వైరు పొడవైతే వోల్టేజీ దారిలోనే తరిగిపోయి, పైనున్న డబ్బా చాలీచాలని కరెంటుతో ఉండుండి రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు మనం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాం. వాళ్లు రౌటర్ ఆపి మళ్లీ వెయ్యమంటారు. ఇరుపక్షాలూ నిష్ఠగా జరిపే క్రతువిది.

ఊరి చివర ఉండి విడిగా యాంటెన్నా పెట్టుకునేవారిది ఇంకో స్థాయి. సిగ్నల్ అందకపోతే ఇంకా పెద్ద యాంటెన్నా కొంటారు. కొని, దానికి 10 మీటర్ల సన్న ఆర్జీ-58 వైరు తగిలిస్తారు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ వైరు మీటరుకు సుమారు 1 డెసిబెల్, అంటే సిగ్నల్‌లో అయిదో వంతు దాకా మింగుతుంది. 10 మీటర్లు దాటేసరికి మిగిలేది పదోవంతు. ఎల్ఎంఆర్-400 లాంటి లావు వైరైతే అదే దూరానికి సగానికి పైగానే మిగులుస్తుంది. కానీ అది ఖరీదు, పైగా చెప్పినట్టు వంగదు. వంగనివాళ్లంటే మనకు మొదటినుంచీ గిట్టదు.

యాంటెన్నా వైరు కొసన బిగించే కనెక్టర్ల విషయంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు పాల్ నీల్ 1940లలోనే తొందరపడ్డాడు. నీరు చొరబడకుండా లోపల రబ్బరు వాషర్ పెట్టి ఎన్-కనెక్టర్ తయారుచేశాడు. మన నల్ల ఇన్సులేషన్ టేపు మహిమ ఆయనకు తెలిసి ఉండదు. ఆ టేపు రోహిణి కార్తెలో జిగురు కార్చుకుని, మృగశిరలో తనంతట తానే విచ్చుకుంటుంది. దానిలోదానికే అతుక్కుపోయే రబ్బరు టేపు కూడా దొరుకుతుంది, విప్పాలంటే కొయ్యాల్సిందే. అది కార్తెలను లెక్కచేయదు కనుక మన సంప్రదాయానికి విరుద్ధం. వైరు డబ్బాలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాననీరు ఆ వంపు దగ్గరే జారి పడిపోతుంది. ఈ వంపు పూర్తిగా ఉచితం. మేనిఫెస్టోలో లేదు గనక ఎవరికీ అక్కర్లేదు. వంపు లేకపోతే నీళ్లు నేరుగా జాక్‌లోకి చేరతాయి. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలీ తోడై, జాక్‌లోని ఎనిమిది పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది.

ప్రభుత్వాలు, ప్రమాణాలు, అవగాహన సదస్సులు దీన్ని మార్చలేవు. అందుకే నా ప్రతిపాదన: గృహప్రవేశంలో పూజగది, మాడ్యులర్ కిచెన్ చూపించాక చుట్టాలను తప్పనిసరిగా డాబా ఎక్కించాలి. మేనత్త పిన్నీసుతో వైరు గీరి, "ఏరా, లోపల తెల్లగా ఉందేంట్రా? మా వియ్యాలవారి మేడ మీదంతా అచ్చమైన రాగి!" అనాలి. బాబాయి కళ్లజోడు సవరించుకుని, "అదలా ఉంచు, పిడుగులు పడే ఊళ్లో ఈ పైపుకు ఎర్త్ ఏదిరా?" అని నలుగురిలో అడగాలి. పంక్తి లేచేలోపు యజమాని ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి తీరతాడు.