వెనకబడిన మనిషి నడకే జట్టు నడక కావాలి

నేపాల్ 2014లో ఎవరెస్టు జట్ల దగ్గర 4,000 డాలర్ల డిపాజిట్ నిబంధన పెట్టింది. ఒక్కొక్కరూ 8 కిలోల చెత్త కిందికి తెస్తేనే సొమ్ము వాపసు. తెచ్చారు, వాపసు తీసుకున్నారు. తెచ్చిందంతా చాలావరకు కింది క్యాంపుల చెత్తే. పై క్యాంపుల్లో చిరిగిన గుడారాలు, డబ్బాలు, మలం అలాగే ఉన్నాయి. జట్టు నడిచే పద్ధతి మారనంతకాలం డిపాజిట్లు ఎన్ని పెట్టినా దండగే.

మనవాళ్లు హిమాలయాలకు వెళ్లే బ్యాచ్‌లనే చూడండి. ఇరవై పాతిక మంది. కుర్రాళ్లు ముందు దూసుకుపోయి మలుపు దగ్గర కూర్చుంటారు. వెనకబడిన మనిషి చేరేసరికి వాళ్ల అలుపు తీరిపోతుంది, లేచి బయల్దేరతారు. విశ్రాంతి ఎక్కువ అవసరమైన మనిషికే అది దక్కదు. నీళ్లు తాగే తీరిక ఉండదు. తలనొప్పి మొదలైనా తన వల్ల ఆలస్యమవుతుందని చెప్పడు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ప్రాణవాయువు తగ్గి వచ్చే ఎత్తు జబ్బు ముదిరేది ఇక్కడే. ముందువాళ్లను దాటే తొందరలో బుగ్యాల్ (కొండల మీది పచ్చిక మైదానం) గడ్డి మీద అడ్డదారులు పడతాయి, వాన నీళ్లు వాటి వెంటే పారి మట్టిని కోసేస్తాయి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించాల్సి వచ్చింది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. గైడ్ వెనకాలే, రెండో స్థానంలో, అందరికన్నా నెమ్మదైన మనిషి నడవాలి. మాట్లాడుతూ నడవగలిగినంతే వేగం. యాభై నిమిషాలకోసారి ఐదు నిమిషాలు ఆగాలి, ఆ ఐదూ చివరి మనిషి చేరాకే లెక్క. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. పన్నెండు మందికి మించిన జట్టులో ఇది సాగదు.

నెమ్మదిగా వెళ్తే దిగేసరికి ఆలస్యమవుతుంది, ప్రమాదం కదా అంటారు. శిఖరం ఎక్కే రోజున ఆ మాట నిజమే. అలాంటప్పుడు రాత్రి మూడింటికి బదులు ఒంటిగంటకే బయల్దేరాలి.

అసలు పరీక్ష మరుగుదొడ్డి దగ్గర. మరుగు టెంట్ లేని జట్టులో ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు. మూడు లీటర్లు తాగాల్సిన చోట లీటరుతో సరిపెడితే తలనొప్పి, నీరసం వస్తాయి. అది ఎత్తు జబ్బో, నీళ్లు చాలకో గైడ్ పోల్చుకోలేడు. ఇక గొయ్యి సంగతి. మట్టి ఉన్నచోట 15–20 సెంటీమీటర్ల లోతు చాలు, నీటికి 60 మీటర్లకు పైగా దూరం ఉండాలి. రెండడుగులు తవ్వితే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ లోతులో తక్కువ. మంచు మీదైతే అసలు కుళ్లదు, కరిగాక వాగులో కలుస్తుంది. అక్కడ గట్టిపరిచే పొడి ఉన్న సంచే గతి. ఎవరెస్టు ప్రాంతంలో 2024 నుంచి అది తప్పనిసరి. మనిషికి రోజుకు పావుకిలో చొప్పున పది మందికి ఐదు రోజులకు పన్నెండున్నర కిలోలు. ఈ బరువు మొదటి రోజే పోర్టర్ల లెక్కలో చేరాలి, లేదంటే చివరి రోజు ఆ సంచులు వేసిన డ్రమ్ము ఏదో బండ చాటున మిగిలిపోతుంది. నెలసరి ప్యాడ్లూ నల్ల కవర్లో ఆ డ్రమ్ములోకే. వెట్ వైప్స్ చాలావాటిలో ప్లాస్టిక్ ఉంటుంది, తీసుకెళ్లనే వద్దు.

2021 సెప్టెంబరులో ఎనిమిది మంది దివ్యాంగులు సియాచిన్‌లో 15,632 అడుగుల ఎత్తున ఉన్న సైనిక శిబిరం కుమార్ పోస్టుకు చేరారు. కృత్రిమ కాలుతో నడిచేవాళ్లకు తెగిన కాలిలో మిగిలిన భాగం నడకలో ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని దూర్చే సాకెట్ (కృత్రిమ కాలి గిన్నె) రాసుకుని పుండు పడుతుంది. దారిలో ఆగి, తీసి, చెమట తుడిచి, సాక్సు మార్చుకోవాలి. యాభై నిమిషాలకోసారి ఆగే జట్టులో దీనికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి బండల మీద, చాలామంది తోటి పిల్లలతో కలిసి. మనం ఆ జట్టును మరిచి రికార్డును పట్టుకున్నాం. అతి చిన్న వయసు, జిల్లాలో తొలి వ్యక్తి అంటూ సాయం కోరే అర్జీలు వస్తూనే ఉన్నాయి. నేపాల్ వైపు దక్షిణ మార్గంలో వసంత కాలపు ఎవరెస్టు పర్మిట్టే 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు. ఒక్కరి శిఖరానికి ఇచ్చే ప్రజాధనాన్ని ఆపి, ఆ సొమ్ముతో గురుకులాలకు తాళ్లు, హెల్మెట్లు, హార్నెస్‌లు కొనాలి. పన్నెండు మంది పిల్లలకు ఇద్దరు శిక్షకులు, ప్రతి జట్టులోనూ అంధ, బధిర పాఠశాలల పిల్లలకు చోటు ఉండాలి. వచ్చే బడ్జెట్‌లోనే దీనికి పద్దు పెట్టాలి.