ఆషాఢం రాకుండానే సగం ధర

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరుండే సెక్యూరిటీ ఆయనకి మూడు నెలలుగా జీతం పడలేదు. ఏజెన్సీకి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే పాట: "బిల్లు పాస్ కాలేదు, సోమవారం చూద్దాం." ఏ సోమవారమో చెప్పరు. కిరాణా కొట్లో 'అప్పు రేపు' అని బోర్డు. ఏజెన్సీలో బోర్డు లేదు గానీ, జీతం రేపే. ఈ రెండు రేపుల మధ్య ఆయన ఇవాళ అన్నం తినాలి.

మనం ఊరికే ఇలాంటి ఏజెన్సీ ఓనర్లను ఆడిపోసుకుంటాం గానీ, చట్టానికి వాళ్ల మీద ఎంత ప్రేమో! 1948 నాటి కనీస వేతనాల చట్టం మొరటుది. జీతం కోసేవాడికి 500 రూపాయల దాకా జరిమానాతో పాటు ఆరు నెలల దాకా జైలు కూడా రాసిపెట్టింది. దాని బదులు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ మర్యాద తెలిసింది. ఇవ్వాల్సినదానికన్నా తక్కువ ఇస్తే మొదటిసారి జైలు మాటే ఎత్తదు, 50 వేల దాకా జరిమానా అంతే. లేబర్ ఇన్‌స్పెక్టర్‌ కూడా ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయ్యాడు. పట్టుకునేవాడూ ఆయనే, చెయ్యి పట్టుకుని నడిపించేవాడూ ఆయనే.

అసలు మజా 56వ సెక్షన్‌లో ఉంది. గరిష్ఠ జరిమానాలో సగం కట్టి కేసు రాజీ చేసుకోవచ్చు. ఏజెన్సీ ఓనరు గారు లేబర్ ఆఫీసులో అడుగుపెట్టే దృశ్యం నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

"రండి సార్, టీయా, కూల్‌డ్రింకా?"

"ఏదో ఆఫర్ ఉందట?"

"ఏడాది పొడుగునా ఉంటుంది సార్. యాభై వేల ఐటెమ్ మీకు పాతిక వేలకే."

"ఇంకాస్త తగ్గించండి, రెగ్యులర్ కస్టమర్ని."

"అయ్యయ్యో, గట్టిగా అనకండి! ఐదేళ్లలోపు రెండోసారైతే ఆఫర్ వర్తించదు, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు."

"మరి మా ఆవిడ పేరు మీద ఇంకో ఏజెన్సీ పెడితే?"

"అప్పుడు మేడమ్ కొత్త కస్టమరే కదా సార్!"

లెక్క కూడా చూడండి. నలభై మంది గార్డులు, తలకి 15 వేలు, మూడు నెలలకి 18 లక్షలు. బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకే 36 వేలు. గార్డుల దగ్గర తెస్తే వడ్డీ సున్నా. కేసు పడితే పాతిక వేలు, అదీ ఒక్కసారి. ష్యూరిటీ అక్కర్లేదు. పైగా అప్పిచ్చినవాడే రోజూ సెల్యూట్ కొడతాడు.

ఆ సెల్యూట్ కొట్టే ఆయనే జీతం పడుతుందన్న నమ్మకంతో ఫైనాన్స్‌వాడికి చెక్కు ఇచ్చాడు. బౌన్సయింది. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. ఏమండీ, జీతం ఎగ్గొట్టినవాడికి సగం ధర, ఆ ఎగ్గొట్టడం వల్ల మునిగినవాడికి జైలా? ఇది రాసినవాళ్లకి ఒకటో తారీఖున ఠంచనుగా జీతం పడే ఉంటుంది. సిగ్గులేని లెక్క ఇది! రావాల్సినదానికి పదింతల దాకా పరిహారం అడగొచ్చని వేతనాల కోడ్‌లో 45వ సెక్షన్ ఉందిగా అంటారు. ఎప్పుడు వెళ్లి అడగాలి? పన్నెండు గంటల డ్యూటీ. ఒక్కరోజు సెలవు పెడితే జీతంలో కోత. రాని జీతంలో కోత!

ఈ సగం ధర సంగతి చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అద్దెకి కూడా ఉంటుందా సార్?" అని అడిగాడు. సాయంత్రం వాళ్ల ఇంటి ఓనర్ని కూడా అడిగాడట. ఆదివారంలోగా సామాను తీసేయమన్నాడు.