పింఛను చేరిన గడపకు శిక్షణ కబురూ చేరాలి

ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదటి రోజు తెల్లవారుతూనే గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి దివ్యాంగుల ఇంటి తలుపు తడతారు. వేలిముద్రో, ముఖం ఫొటోనో తీసుకుని ఆరు వేల రూపాయలు చేతిలో పెట్టి వెళ్తారు. ఏ సందులో ఏ ఇల్లు, ఆ ఇంట్లో చూపు లేనివారెవరు, వినపడనివారెవరు, మంచం దిగలేనివారెవరు అన్నది ఆ ఉద్యోగికి కంఠతా వచ్చు. తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు అందుకుంటున్న ప్రతి దివ్యాంగుడి వివరాలూ ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. కానీ పక్క పట్టణంలో ఉచితంగా కంప్యూటర్ కోర్సు మొదలవుతోందనీ, వచ్చే ఆదివారం జిల్లా స్టేడియంలో పారా క్రీడల ఎంపికలు ఉన్నాయనీ ఆ ఇంటికి వెళ్లి చెప్పేవారు లేరు. ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం చూపు లేనివారికి పనికిరాదు. గడప దాటలేనివారి కంటపడదు. డబ్బు చక్కగా వెళ్తున్న దారిలో కబురు ఎందుకు వెళ్లదన్నదే మా ప్రశ్న.

అవకాశాలు బొత్తిగా లేవని మేం అనడం లేదు. దేశంలో వృత్తి పునరావాస కేంద్రాలు మొదట వచ్చిన రెండు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ముంబయితో పాటు 1968లోనే ఇక్కడ ఆ కేంద్రం పెట్టారు. ఇప్పుడది దివ్యాంగుల జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రంగా నడుస్తోంది. మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, చికిత్సతో చూపు తిరిగి రానివారికి కర్ర సాయంతో నడవడం, కంప్యూటర్ వాడటం నేర్పే విభాగం ఉంది. యూత్ ఫర్ జాబ్స్ లాంటి సంస్థలు బధిర యువతకు మాల్స్‌లో, హోటళ్లలో పని దొరికేలా తర్ఫీదు ఇస్తున్నాయి. లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, బసతో సహా శిక్షణ అంతా ఉచితం. అయితే వీటిలో పెద్దవన్నీ హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి. ఏటూరునాగారం నుంచో, ముంచంగిపుట్టు నుంచో, మడకశిర నుంచో ఒక అంధ యువతి అక్కడికి చేరాలంటే ఎన్ని బస్సులు మారాలి? తోడు ఎవరు రావాలి? వచ్చేవారి కూలి డబ్బులు ఎవరిస్తారు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా ఉన్నట్టు తేలింది. దేశంలోని దివ్యాంగుల్లో పదింట ఏడుగురు పల్లెల్లోనే ఉన్నారు. ఏదో ఒక పని చేసుకుంటున్నవారు 36 శాతమే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఏడుగా ఉన్న వైకల్య రకాలను 21కి పెంచింది. అంటే అప్పటి లెక్కలో లేనివారు ఎందరో ఇప్పుడు లెక్కలోకి వస్తారు. దివ్యాంగుల్లో అధిక భాగం ఉన్న పల్లెలకు శిక్షణ వెళ్లకుండా, శిక్షణ ఉన్న చోటికి వారినే రమ్మంటున్నాం.

ఏటా దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబర్ 3న జిల్లా కేంద్రాల్లో జరిగే సభలు చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. షామియానా వేస్తారు. వేదికకు మెట్లుంటాయి, ర్యాంపు ఉండదు. వీల్‌చైర్లలో వచ్చినవారిని ఓ పక్కకు నెట్టి నిలబెడతారు. అతిథులు గంటన్నర ఆలస్యంగా వస్తారు. ఒకరి తర్వాత ఒకరు మైకులో మాట్లాడుతుంటే ముందు వరుసలోని బధిర యువకులు ఆ పెదవుల వైపే చూస్తూ కూర్చుంటారు. సైగల భాషలో చెప్పేవారిని పిలవాలన్న ఆలోచన చాలాచోట్ల ఎవరికీ రాదు. రిబ్బన్లు కట్టిన మూడు చక్రాల బండ్లను వరుసగా పెట్టి ఫొటోలు తీస్తారు. మరుగుదొడ్డికి వీల్‌చైర్ పట్టదు కాబట్టి కొందరు మహిళలు ఉదయం నుంచీ మంచినీళ్లు తాగకుండా గడుపుతారు. ఈ చివరి మాట మేం ఊహించి రాయడం లేదు. అలాంటి సభలకు వెళ్లిన ఏ మహిళను అడిగినా చెబుతుంది.

ఉపకరణాలు ఇవ్వడం మంచిదే. మూడు చక్రాల బండి ఒకరి బతుకునే మార్చవచ్చు. కానీ ఆ రోజు ప్రాంగణంలో చేరిన వందల మంది ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు లేకుండా సభ ముగుస్తుంది. నిజానికి అలాంటి చోట అన్నిటికన్నా విలువైనది ఆ మాటామంతీనే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసుకుంటే తెర మీద వేలు పెట్టినచోట ఏముందో ఫోనే తెలుగులో చదివి చెబుతుంది. ఒక్క పైసా కట్టనక్కర్లేదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండి కూడా ఈ సంగతి తెలియక, వచ్చిన మెసేజ్‌ను పక్కింటి పిల్లాడితో చదివించుకునే అంధులు పల్లెల్లో ఇంకా ఉన్నారు. దాన్ని రోజూ వాడే మరో అంధురాలు పక్కన కూర్చుని పది నిమిషాలు నేర్పితే, ఆ సాయంత్రానికే బ్యాంకు మెసేజ్ తనంతట తానే వింటుంది. అధికారి ఉపన్యాసం వల్ల ఆ పని జరగదు.

ఇది మన రాష్ట్రాలకు కొత్త సంగతేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు, ఇందిరా క్రాంతి పథం అనే పేదరిక నిర్మూలన పథకాలు నడిచిన రోజుల్లో దివ్యాంగులు సొంతంగా పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. వాటి మీద మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పడ్డాయి. సమావేశాల్లో చాప మీద కూర్చుని అప్పుల లెక్కలు చూసుకునేవారు. వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరం ఎప్పుడో, ఫలానా సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలో ఒకరికొకరు చెప్పుకునేవారు. తల ఎత్తి మాట్లాడని ఆడపిల్లలు లెక్కల పుస్తకం రాయడం నేర్చుకున్నారు. ఆ సమాఖ్యలు బలంగా ఉన్న మండలాల్లో సమాచారం కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండేది కాదు. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి, ప్రాధాన్యాలు మారాయి. ఆ సమాఖ్యలను మళ్లీ నిలబెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు. నెలకు ఒక పూట మండల కేంద్రంలో కింది అంతస్తులో ఒక గది, రానుపోను ఆటో ఖర్చు, సైగల భాష తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఇప్పటికే మండలాల్లో ఉన్నాయి. పిల్లలకు సెలవైన రోజు ఆ గదులను పెద్దల కోసం తెరవవచ్చు.

ఆటల విషయంలో తెలుగు నేల గర్వపడే రోజులు వచ్చాయి. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పని చేసుకునే కుటుంబంలో పుట్టిన దీప్తి జీవాంజి 2024లో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. బడిలో ఆమె పరుగును గమనించిన పీఈటీ, ఆ తర్వాత చేరదీసిన కోచ్ నాగపురి రమేశ్ లేకపోతే ఆ పరుగు కల్లెడ పొలిమేర దాటేది కాదేమో. 2025 నవంబర్‌లో కొలంబోలో ముగిసిన అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్‌ను మన దేశం గెలిచింది. ఆ జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి కరుణకుమారి ఉంది. కెప్టెన్ దీపిక సొంతూరు శ్రీసత్యసాయి జిల్లాలోనిది. గెలిచి వచ్చి ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రిని కలిసినప్పుడు ఆమె అడిగింది తన ఊరికి రోడ్డు. ప్రపంచకప్ గెలిచిన అమ్మాయి ఊరికే అప్పటిదాకా సరైన రోడ్డు లేకపోతే, మరో ఊళ్లో గల్లీ దాటని అమ్మాయి శిక్షణ కేంద్రానికి ఎలా వస్తుంది?

అంధుల క్రికెట్‌కు పెద్ద ఖర్చేమీ కాదు. ప్లాస్టిక్ బంతి లోపల చిన్న ఇనుప గుళ్లుంటాయి. బంతి దొర్లుతుంటే అవి గలగలమంటాయి, ఆ చప్పుడు విని బ్యాటు ఊపుతారు. బౌలర్ చేతిని కింది నుంచే తిప్పి బంతిని నేల మీదుగా వదలాలి. చూపు అసలు లేనివారు జట్టులో కనీసం నలుగురు ఉండాలి, వారు కొట్టిన ప్రతి పరుగుకూ రెట్టింపు లెక్క. ప్రతి జిల్లాలో ఈ ఆట ఆడించవచ్చు. ఎన్ని జిల్లా స్టేడియాల్లో ఆ బంతి ఒక్కటైనా ఉందో క్రీడాశాఖ అధికారులు ఒకసారి తమ స్టాక్ రిజిస్టర్ చూసుకోవాలి.

శిక్షణలో ఏం నేర్పుతున్నామన్నది మరో సమస్య. దివ్యాంగులనగానే కొవ్వొత్తులు, అగరబత్తులు, కాగితం కవర్లు, సుద్దముక్కలు అని దశాబ్దాలుగా ఒక జాబితా తయారై కూర్చుంది. బడుల్లోకి డిజిటల్ ప్యానెళ్లు వచ్చేశాక సుద్దముక్కలు ఎవరికి అమ్ముతారు? ఇష్టపడి ఆ పని నేర్చుకునేవారిని ఎవరూ వద్దనరు. అది తప్ప వేరే దారి చూపకపోవడమే తప్పు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద శిక్షణ పొందిన అంధ యువకుడు కంప్యూటర్ ముందు కూర్చోవడం ఒకసారి చూడండి. మౌస్ ముట్టుకోడు. ట్యాబ్ కీ, బాణం గుర్తు కీలతో పేజీ అంతా తిరుగుతాడు. హెడ్‌ఫోన్‌లో వినిపించే గొంతు మనకు ఒక్క ముక్కా అర్థం కానంత వేగంగా పరుగెడుతుంటుంది, అతను ఈమెయిల్ చదివి జవాబు కొట్టేస్తాడు. ఎన్‌వీడీఏ అనే ఆ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఇక మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి చాలామందికి తెలిసిందే. పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి వీల్లేదంటే కోర్టుకు వెళ్లి సీటు సాధించుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, దివ్యాంగులకు పని ఇచ్చాడు. కోర్టు మెట్లెక్కే ఓపిక, అండ అందరికీ ఉండవు కదా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 19వ సెక్షన్ చెప్పేది వేరే కేంద్రాలు కట్టమని మాత్రమే కాదు. మామూలు వృత్తి, నైపుణ్య శిక్షణ పథకాలన్నిటిలోనూ దివ్యాంగులను చేర్చుకోవాలని అది చెబుతోంది. ఐటీఐ అయినా, మహిళా సంఘాల కుట్టు శిక్షణ అయినా, బ్యాంకు నడిపే సంస్థ అయినా ‘మా దగ్గర వీలుకాదు’ అని తిప్పి పంపడం చట్టానికి విరుద్ధం. సాంస్కృతిక కార్యక్రమాల్లో, ఆటల్లో పాల్గొనే హక్కును కూడా 29, 30 సెక్షన్లు గుర్తించాయి. రాజీవ్ రాటూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా చెప్పింది. భవనాలు, రవాణా, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదనీ, తప్పనిసరి నిబంధనలు చేయాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. మన ఊళ్లో తయారైన నివేదిక దేశానికి దారి చూపింది. మన జిల్లా కార్యాలయాల ర్యాంపులు మాత్రం చాలాచోట్ల వీల్‌చైర్ వెనక్కి జారిపోయేంత నిటారుగా ఉన్నాయి.

కుటుంబాల్లో ఒక భయం బలంగా ఉంది. దాన్ని అధికారులు తేలిగ్గా తీసుకోకూడదు. ‘ట్రైనింగ్‌కు వెళ్తే పింఛను తీసేస్తారేమో’ అన్న మాట తల్లుల నోట తరచూ వినిపిస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య ధ్రువపత్రాల పునఃపరిశీలన, ఆ వెంట వచ్చిన నోటీసులు ఈ టెన్షన్‌ను మరింత పెంచాయి. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వ బాధ్యతే, కాదనం. కానీ నెలకు ఆరు వేలు ఖాయంగా వస్తుంటే, మూడు నెలల కోర్సు తర్వాత ఏ ఉద్యోగం వస్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో తెలియనప్పుడు ఏ తల్లి అయినా వెనకాడుతుంది. శిక్షణకు హాజరైనంత మాత్రాన, చిన్న ఉద్యోగంలో చేరినంత మాత్రాన పింఛను ఆగదని ప్రభుత్వాలు జీవో రూపంలో చెప్పాలి. ఆ హామీని పింఛను ఇచ్చే చేతులతోనే ఇంటికి చేర్చాలి. కోర్సు పూర్తయ్యాక ఎన్ని సర్టిఫికెట్లు పంచారన్నది కాకుండా, ఏడాది తర్వాత ఎంతమంది ఆ పనిలో ఉన్నారన్నది లెక్కగట్టి శిక్షణ ఏజెన్సీలకు బిల్లులు చెల్లించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ ఉద్యోగి ఒకటో తేదీన పింఛనుతో పాటు ఒక కాగితం తీసుకెళ్లాలి. అది ఆ నెలలో జిల్లాలో ఉన్న శిక్షణలు, పోటీలు, ఉద్యోగ మేళాల పట్టిక. చూపు లేనివారికి చదివి వినిపించాలి, ఫోన్ ఉన్నవారికి ఆడియో పంపాలి, వినపడనివారికి సైగల భాష వీడియో పంపాలి. తెలంగాణలో ఇదే పనిని పంచాయతీ కార్యదర్శులకు అప్పగించవచ్చు. తోడుగా వచ్చేవారికి ఉపాధి హామీ కూలితో సమానంగా రోజు భత్యం ఇవ్వాలి. ఎవరైనా వస్తామంటే అప్పటికప్పుడు పేరు రాసుకోవాలి.

మా వంతుగా, వచ్చే నెల నుంచి ప్రతి జిల్లా పేజీలో మొదటి ఆదివారం ఈ పట్టికను ఉచితంగా ప్రచురిస్తాం. శిక్షణ సంస్థలు, క్రీడా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు మా జిల్లా కార్యాలయాలకు వివరాలు పంపాలి. కోర్సు పేరు, తేదీలు చెబితే సరిపోదు. బస్టాండు నుంచి ఎంత దూరం, మెట్లు ఉన్నాయా, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఉందా, సైగల భాష తెలిసినవారు ఉంటారా, తోడు వచ్చేవారికి బస ఉందా అన్నవి కూడా రాయాలి. ఈ వివరాలు లేని ప్రకటనను వెనక్కి పంపి, అడిగి తెప్పించుకున్నాకే వేస్తాం.