లిఫ్టు పక్కన అట్టపెట్టె గారికి

గౌరవనీయులైన అట్టపెట్టె గారికి,

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ, మా అపార్ట్‌మెంటు 203 నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. పొద్దున పాలప్యాకెట్ కోసం దిగినప్పుడూ, రాత్రి చెత్తబుట్ట బయట పెట్టినప్పుడూ మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. మీరూ నన్ను చూస్తున్నారు. పట్టుకోడానికని మీ పక్కన కోసిన ఆ రెండు చిల్లులు అచ్చం కళ్ళలా ఉంటాయి. ఐదో అంతస్తు వాళ్ళ మైక్రోవేవ్‌ని మోసుకొచ్చిన రోజున అవి ఉత్త చిల్లులే. మీ మీద మార్కర్‌తో "ఫుడ్ బ్యాంకు కోసం" అని రాశాక కళ్ళయ్యాయి. పైగా మిమ్మల్ని తలకిందులుగా నిలబెట్టారు. పైకి చూపించాల్సిన బాణాలు నేల చూపులు చూస్తున్నాయి. గొడుగు బొమ్మ తిరగబడి, ఎవరో చాపిన గిన్నెలా ఉంది.

మా సెక్రటరీ గారు మిమ్మల్ని ప్రతిష్ఠించిన ఆదివారం నేనూ ఉన్నాను. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిని ఆయన తలుచుకున్నారు. ఆవిడ 1909లో పోయారు, ఇప్పుడు మన బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు అని కూడా చెప్పారు. ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు వరసకట్టాయి. ఫొటో కింద, ఇంటింటి సరుకు పోగుచేసి లేనివాళ్ళకి పంచే ఆ ఫుడ్ బ్యాంకు వాళ్ళు పంపిన జాబితా కూడా ఉంది. కందిపప్పు, వంటనూనె, ఉప్పు, చింతపండు, బెల్లం, ఉప్మా రవ్వ. విప్పిన ప్యాకెట్లు వద్దు, వండినవి వద్దు, గడువు మూడు నెలలైనా ఉండాలి. పెళ్ళి సామాన్ల చీటీ కూడా ఇంత వివరంగా ఉండదు. అయినా ఏమివ్వాలో తేల్చుకోడానికి మా అపార్ట్‌మెంటుకి తొమ్మిది రోజులు పట్టింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను. ఆ రాత్రి వంటింట్లో స్టూలెక్కి పై అరలన్నీ వెతికాను. కందిపప్పు డబ్బా మీద చెయ్యి పడింది. మూత తీశాను, వాసన చూశాను, ఈ నెలాఖరు దాకా సరిపోవాలి కదా అనుకుని మూత పెట్టేశాను. నూనె ప్యాకెట్లు మూడున్నాయి, పండగ దగ్గరికొస్తోంది. బెల్లం అచ్చు చూశాను, అరిసెలు గుర్తొచ్చాయి. చివరికి చెయ్యి వెనక మూలకి వెళ్ళి ఓట్స్ ప్యాకెట్ మీద ఆగింది. మా ఆయనకి షుగర్ వచ్చిన కొత్తలో ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చాను. మొదటి ప్యాకెట్‌తో ఉప్మా చేసి పెడితే, "దీంతో గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు" అన్నారాయన. రెండోదాని జోలికి ఎవరూ పోలేదు. ఆ ఉచితంగా వచ్చినదాన్నే తెచ్చి మీ ఒళ్ళో పెట్టి, లిఫ్టు అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ముఖంలో కొంచెం తేజస్సు కనిపించింది కూడా.

మర్నాటికి నాకు తోడు దొరికింది. 302 గారు అమెరికా నుంచి కోడలు తెచ్చిన ఆలివ్ కాయల సీసా ఇచ్చారు. 401 గ్రీన్ టీ. 105 గారు పంచదార బదులు వేసుకునే మాత్రలు గుప్పెడు. ఐదో అంతస్తు వాళ్ళది డబ్బాలో టమాటా సూపు, ఆ మూత తీయాలంటే విడిగా ఒక పరికరం కావాలి. అది వాళ్ళింట్లోనూ లేదు, అందుకే ఇచ్చారు.

అలాగని జాబితా ప్రకారం ఇద్దామని నేను ప్రయత్నించలేదనుకోకండి. నూనె దగ్గర మా ఇంట్లో పంచాంగం తెరుచుకుంది. వ్యాను శనివారం వస్తుందన్నారు. మా అత్తయ్య గారు సోఫాలోంచే, "శనివారం నూనె దానమా? అది శనికిచ్చే దానం. పుచ్చుకున్నవాళ్ళకి చుట్టుకుంటుంది" అన్నారు. పోనీ శుక్రవారమే పెట్టెలో వేసేస్తానన్నాను. "శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తావా?" మంగళవారం సంగతి అడగనే లేదు. ఉప్పు ఏ వారమైనా చేతికివ్వకూడదు, గొడవలొస్తాయి. చేతికి కాదు కదా అత్తయ్యా, పెట్టెలో కదా అంటే, "పెట్టెలోంచి ఎవరో ఒకరు చేత్తోనే తియ్యాలిగా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఓట్సుకి మాత్రం తిథి లేదు, వారం లేదు, వర్జ్యం లేదు. ఆలివ్ కాయలు ఏ గ్రహానికీ ప్రీతి కావు. మన పెద్దవాళ్ళు వాటిని ఎరగకపోవడం వల్ల మాకెంత సౌకర్యమో చూడండి.

గడువు తేదీ దగ్గర మా మనసు ఇంకా విశాలం. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాటితే రుచి తగ్గొచ్చని, "యూజ్ బై", "ఎక్స్‌పైరీ" అంటే ఆ తర్వాత తినకూడదని అర్థం. మా ఇళ్ళలో ఈ తేడా ఎవరూ పాటించరు. మనవడి బిస్కెట్ ప్యాకెట్ మీద ఏ తేదీ ఉన్నా అది సుప్రీంకోర్టు తీర్పే, ఒక్క రోజు దాటితే చెత్తబుట్టలోకి. అదే తేదీ మీ దగ్గరికొచ్చేసరికి పెద్దమనుషుల సలహా అయిపోతుంది. "ఏం కాదండీ, వాళ్ళు తినేస్తారు" అన్నారు 105 గారు, మీ ముందే. ఇక మన ఊరి గాలి గురించి మీకు చెప్పక్కర్లేదు, మీ అడుగే మెత్తబడిపోయింది. ఈ తేమకి ఉప్పు జాడీలో నీరవుతుంది, రవ్వకి ఇట్టే పురుగు పడుతుంది. 304 వాళ్ళ రవ్వ ప్యాకెట్ ఫోన్ లైటు వేసి చూశాను. లోపల రవ్వంతా సన్నటి దారాలతో ఉండకట్టింది, ఒక తెల్ల పురుగు ఆ దారం పట్టుకుని తీరిగ్గా పైకి ఎక్కుతోంది. విప్పని ప్యాకెట్టే. నిబంధన ప్రకారం తప్పు పట్టడానికి లేదు.

నచికేతుడి తండ్రి యాగం చేసి దానమిచ్చిన ఆవులు గుర్తున్నాయా? నీళ్ళు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ఆవులు. పక్కనున్న కొడుకు చూడలేక, "మరి నన్నెవరికిస్తావు నాన్నా" అని అడిగి అడిగి యముడి దాకా వెళ్ళాడు. అలా అడిగే పిల్లలు మా అపార్ట్‌మెంటులో లేరు. ఉన్నవాళ్ళంతా కోచింగ్‌లో ఉన్నారు.

దానం చేయడం మాకు చేతకాదని కాదండి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి రండి, చూద్దురుగాని. కొండ చుట్టూ 32 కిలోమీటర్ల దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్ళు, పళ్ళు, పులిహోర. మా అసోసియేషన్ కూడా టెంటు వేస్తుంది. ఆ పులిహోరలోకి జీడిపప్పు వేయిస్తుంటే గుండు, బద్ద ఏరి మరీ వేస్తాం. అక్కడ ఎవరికీ ఓట్స్ పెట్టాలని తోచదు. అక్కడ అప్పన్న చూస్తుంటాడు. మీరేమో అట్టపెట్టె, మీకు చిల్లులే గానీ కళ్ళెక్కడివి అనుకున్నాం.

డబ్బు సంగతి కూడా మీ పక్కనే తేలింది. వస్తువుల బదులు డబ్బు పంపినా సరే, టోకున కొంటే ఎక్కువ సరుకొస్తుందని జాబితా చివర రాశారు. 401 గారు చదివి వినిపించి, "డబ్బులిస్తే తినేస్తారండీ" అన్నారు. అందరూ తలలూపారు. ఫుడ్ బ్యాంకు ఉన్నది తినడానికే కదా అని నాకు నోటిదాకా వచ్చింది, లిఫ్టు వచ్చేసింది.

అసలు బ్యాంకు అనే మాట ఎలా వచ్చిందో మావాడు అమెరికా నుంచి ఫోన్‌లో చెప్పాడు. 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టాడట. అంగళ్ళ వెనక పారేసినవి ఏరుకుని పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, వీటిని పారేసే బదులు ఒకచోట వేసి, కావలసినవాళ్ళు తీసుకునేలా బ్యాంకులాంటిది ఉంటే బాగుణ్ణు అందట. బ్యాంకు అంటే మనకీ తెలుసు. చిరిగిన నోటు పట్టుకెళ్తే కౌంటర్లో వెనక్కి తిప్పికొడతారు. ఆ నోటు అప్పుడు దేవుడి హుండీలోకి వెళ్తుంది. హుండీ నోరెత్తదు, మీరూ నోరెత్తరు.

ఏడో రోజున ఎవరో వేసిన "వేడినీళ్ళు పోయండి, మూడు నిమిషాల్లో రెడీ" కప్పులు మీలో చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. అప్పుడు మేం ఉండేది అక్కయ్యపాలెంలో అద్దింట్లో. మర్నాడు పొద్దున తలుపు తీస్తే వీధిలో నిలబడ్డ చెట్టు ఒక్కటి లేదు. కరెంటు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్ళూ లేవు. పాలప్యాకెట్టుకి రెట్టింపు అడిగితే మాట్లాడకుండా ఇచ్చాం. గ్యాసు రెండో రోజుకి ఐపోయింది. మూడో రోజు వ్యానొకటి వస్తే లైన్లో నిలబడ్డాను, నెలకి జీతం తెచ్చుకునే ఇంటిదాన్ని, కొంగు సర్దుకుంటూ. నా చేతిలో పెట్టినవి అచ్చం ఇలాంటి కప్పులే, నాలుగు. వేడినీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలో వాళ్ళకీ తట్టలేదు, పుచ్చుకున్న నాకూ ఆ క్షణంలో తట్టలేదు. మా అత్తయ్య గారు వాటిని పొడిగానే నమిలారు. సాయంత్రం ఇంకెవరో వచ్చి రొట్టెలు పంచారు. ఒక్కో పొట్లంలో రొట్టెలతో పాటు కాగితం ముక్కలో ఆవకాయ బద్ద ఒకటి చుట్టి పెట్టారు. ఆ బద్ద ఎవరింటి జాడీలోదో గానీ, ఆవాలు కొంచెం ఎక్కువైన ఆ ఘాటు నాకు ఇప్పటికీ నాలుక మీదుంది. అంత తెలిసినదాన్ని ఓట్స్ ఇచ్చాను.

శనివారం వ్యాను రాలేదు, పాడైందన్నారు. ఎవరు తీసుకెళ్తారంటే గ్రూపంతా మౌనం. మిమ్మల్ని ఆటోలో నా పక్కన కూర్చోబెట్టుకుని కంచరపాలెం వైపు గోడౌనుకి నేనే తీసుకెళ్ళాను, గుర్తుండే ఉంటుంది. అక్కడ సరుకు ఏరే ఆవిడ ప్రతి ప్యాకెట్టునీ వెనక్కి తిప్పి, బొటనవేలు సరిగ్గా తేదీ అంకెల మీద పెట్టేది. వెతకడం లేదు. ఇవ్వదగినవి ఎడం పక్కకి, వెంటనే పంచెయ్యాల్సినవి కుడి పక్కకి, పాడైనవి వెనకున్న నీలం డ్రమ్ములోకి, మిగతావి తిరిగి మీలోకి. రవ్వ ప్యాకెట్ డ్రమ్ములోకి వెళ్ళింది. 104 వాళ్ళ మనవడికి పడని పాలపొడి డబ్బా పక్కన పెట్టేసింది. పసిపిల్లల పాలపొడి ఇలా పంచకూడదని 1992 నుంచి చట్టముందట, అనాథాశ్రమాలకి తప్ప. ఆలివ్ సీసా ఎత్తి చూసి, "ఉప్పులో ఊరేసిన ఉసిరికాయలేటి?" అంది. తర్వాత నా ప్యాకెట్.

"ఇదేటమ్మా?"

"ఓట్స్. పాలు పోసుకుని తింటారు" అన్నాను, ఎవరివో అన్నట్టు.

"పాలు కూడా మీరే పంపుతారేటి?"

మీరు పక్కనే ఉన్నారు, మీరే సాక్షి. ఆవిడ ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. "రేషన్ బియ్యం అందరికీ వస్తన్నాయమ్మా, మనిషికి ఐదు కిలోలు. దాని మీద ఏసుకోడానికే ఏటీ ఉండట్లేదు" అంటూ మీ అడుగు నుంచి అరకిలో కందిపప్పు తీసి ఎడం పక్కన పెట్టింది. అదొక్కటే. అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు, గ్రూపులో ఫొటో రాలేదు.

ముప్ఫై ఒక్క వస్తువులతో వెళ్ళి ఇరవైతో వెనక్కొచ్చాం మనం. సెక్రటరీ గారు మిమ్మల్ని మళ్ళీ లిఫ్టు పక్కనే పెట్టి, "ఎవరివి వారు తీసుకోగలరు" అని కాగితం అంటించారు. రెండు రోజులైంది. ఎవరూ ఏదీ ముట్టలేదు. ముడితే అది తమదని తెలిసిపోతుంది కదా.

బుధవారం, అంటే అత్తయ్య గారి దగ్గర ఏ అభ్యంతరమూ లేని వారం చూసుకుని, పూర్ణా మార్కెట్టుకి వెళ్ళాను. నాలుగు కిలోల కందిపప్పు అడిగాను, దానానికి అని నోరుజారాను. కొట్టతను తీస్తున్న సంచి వదిలేసి కింద నుంచి ఇంకో సంచి లాగాడు. "దానానికైతే ఇది తీసుకోండమ్మా, అందరూ ఇదే తీసుకుంటారు." దీపానికి వేరే నూనె, పూజకి వేరే కొబ్బరికాయ ఉన్నట్టు దానానికి వేరే పప్పు ఉందన్నమాట. గుప్పిట్లోకి తీసుకుని చూశాను, సగం నూక, పొట్టు, రెండు రాళ్ళు. ధర విన్నాక, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కాసేపు ఆలోచించాను. చివరికి మేం తినే రకమే తీసుకున్నాను గానీ నాలుగు కిలోలు కాస్తా రెండైంది. నూనె రెండు ప్యాకెట్లు. ఉప్పు తీసుకోలేదు, అత్తయ్య గారితో ఇంట్లో ఉండాల్సింది నేను.

అవి ఇంకా మా గట్టు మీదే ఉన్నాయి. కొత్త వ్యాను తేదీ రాగానే తెచ్చి వేస్తాను, అది శనివారం కాకపోతే.

ఇట్లు,
203

తా.క. నిన్న రాత్రి పదకొండున్నరకి కరెంటు పోయింది. ఇదే అదననుకుని ఫోన్ లైటు కూడా వెయ్యకుండా మెట్లు దిగి, మీలో చెయ్యి పెట్టి తడుముతుంటే ఇంకో చెయ్యి తగిలింది. 302 గారు. ఇద్దరం ఉక్కబోత గురించి, ట్రాన్స్‌ఫార్మర్ గురించి రెండు మాటలు మాట్లాడుకుని, చేతికొచ్చినవి చీర కొంగుల్లో పెట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం. కరెంటు వచ్చాక చూసుకుంటే నా దగ్గర ఆలివ్ సీసా ఉంది. పొద్దున లిఫ్టులో కలిసినప్పుడు ఆవిడ, మీ వారికి షుగర్ ఎలా ఉందండీ, ఓట్స్ దేంతో చేస్తారు అని అడిగారు.