హంతకుణ్ణి ‘మీరు’ అనే పోలీసులు

కిందటి శీతాకాలంలో రాజమండ్రి నుంచి జర్మనీలోని మా ఇంటికి వచ్చిన మా అమ్మ ఒక ఆదివారం రాత్రి ఎనిమిదింబావుకు మాతోపాటు కూర్చుని ‘టాటోర్ట్’ అనే టీవీ నేరకథల ధారావాహిక చూసింది. జర్మన్ రాని ఆమెకు మాట మాటా తెలుగులో చెబుతున్న నేను, విచారణ గదిలో అధికారి వేసిన ప్రశ్నను ‘‘ఆ రాత్రి ఎక్కడున్నావ్?’’ అని చెప్పాను. మా అమ్మాయి ఊరుకోలేదు. ‘‘నాన్నా, ఆయన ‘జీ’ అంటున్నాడు, ‘డూ’ అనడం లేదు’’ అంది. ‘జీ’ అంటే మీరు, ‘డూ’ అంటే నువ్వు. సవరించుకుని ‘‘ఎక్కడున్నారు?’’ అన్నాను. ‘‘హంతకుణ్ణి పట్టుకుని మీరూ మీరూ అంటాడేమిట్రా!’’ అని అమ్మ విస్తుపోయింది.

టాటోర్ట్ అంటే నేరం జరిగిన చోటు. 1970 నవంబరు 29న, జర్మనీ ప్రాంతీయ ప్రసార సంస్థలు కలిసి నడిపే ఏఆర్‌డీ టీవీలో మొదలైన ఈ ధారావాహికలో ఒక్కో ప్రాంతీయ ప్రసార సంస్థ తన ఊరి కథను తానే తీసుకుంటుంది కనుక, లుడ్విగ్స్‌హాఫెన్‌కు 1989లో వచ్చిన దర్యాప్తు అధికారి లెనా ఓడెంటాల్, కొలోన్‌కు 1997లో వచ్చిన బాలౌఫ్, షెంక్ ఆయా ఊళ్ల మనుషులుగానే ప్రేక్షకులకు తెలుసు. (వీళ్లను ‘కొమిస్సార్’ అంటారు గాని, మన నగర పోలీసు కమిషనర్‌తో పోల్చుకోకండి, హోదా ఇంచుమించు ఇన్‌స్పెక్టరుది.)

అమ్మ వేసిన ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ ‘మీరు’ కేవలం మర్యాద కాదు. కొట్టి, నిద్రపోనివ్వకుండా వేధించి, లేదా మోసగించి చెప్పించిన వాంగ్మూలాన్ని, నిందితుడు సరేనన్నా సరే, సాక్ష్యంగా వాడరాదని ఇక్కడి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 136ఏ సెక్షను చెబుతుంది. కాబట్టి గంటన్నర కథలో రచయితకు లాఠీ అనే అడ్డదారి లేదు. ప్రశ్న మీద ప్రశ్న వేసి, చెప్పినదానిలో పొంతన కుదరని చోటును పట్టుకోవలసిందే. నెమ్మదిగా సాగుతుందని మనవాళ్లు విసుక్కునేది సరిగ్గా ఈ పనినే.

అందరూ బుద్ధిమంతులేనని అనను. 1981 నుంచి పదేళ్లు డ్యూస్‌బుర్గ్‌లో గోట్స్ గెయోర్గె పోషించిన షిమాన్‌స్కీ తిట్లకూ పిడిగుద్దులకూ పేరుమోసినవాడు. ఆ రోజుల్లో పెద్దలు నొచ్చుకున్నారు, జనం మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. ఇద్దరే మనుషులు హత్యకేసు మొత్తం తేల్చేయడం కూడా తెరమీది సౌకర్యమే తప్ప, అసలు దర్యాప్తు పెద్ద బృందం చేసే పని. ఇక వలస వచ్చినవాళ్లు ప్రధాన దర్యాప్తు అధికారి కుర్చీ దాకా చేరడానికి చాలాకాలం పట్టింది. హాంబుర్గ్‌లో టర్కీ మూలాలున్న చెంక్ బాటు వచ్చింది 2008లో.

అయినా మన తెరతో పోల్చినప్పుడు నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఖాకీ చొక్కా తలుపు తన్ని లోపలికొస్తే ఈల వేయడం మనకు అలవాటైపోయింది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు అక్కడ పోలీసుల మీద పూలు చల్లారు, ఇక్కడ మా వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ 2022లో తేల్చినప్పుడు ఆ గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు, నేను కూడా.

కొత్తగా జర్మనీ వచ్చిన మన పిల్లలు ఏఆర్‌డీ వారి ఆన్‌లైన్ వీడియో వేదిక ‘మీడియాటెక్’లో జర్మన్ సబ్‌టైటిళ్లు పెట్టుకుని ఒక కథైనా చూడాలని కోరుతున్నాను. చూసేటప్పుడు హంతకుడెవరన్నది కాసేపు పక్కన పెట్టి, మరణవార్త చెప్పడానికి వెళ్లే ఘట్టాన్ని గమనించండి. ఇద్దరు అధికారులు గంట కొట్టి గుమ్మం బయటే నిలబడతారు. కార్డు చూపించి, లోపలికి రావచ్చా అని అడుగుతారు. తలుపు తీసిన మనిషి చేతిలో ఇంకా అంట్లగుడ్డ ఉంటుంది. ఆమె కూర్చునే దాకా విషయం చెప్పరు.