ప్యానెల్ గారికి చిత్తూరు కాటా గది నుంచి

మహారాజశ్రీ ప్యానెల్ గారి దివ్యసముఖానికి,

చిత్తూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కూలీ రాసుకుంటున్న విన్నపం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కాటా దగ్గర నడిచే ప్రోగ్రాములు రాయడం, ఇతరులు రాసినవాటికి మరమ్మతులు చేయడం నా బతుకుతెరువు. బటన్లనూ పెట్టెలనూ ఒళ్ళో పెట్టుకుని స్క్రీన్ మీద పరుచుకునే బూడిద రంగు పలక తమరు. మీరు లేని స్క్రీన్ ఇంతవరకు నా కంటపడలేదు. ఉన్నచోటల్లా మీరు చేసే పనేమిటో కూడా కంటపడలేదు. బటన్ నొక్కించుకుంటుంది. టెక్స్ట్‌బాక్స్ రాయించుకుంటుంది. లేబుల్ కనీసం రైతు పేరైనా చూపిస్తుంది. తమరు బూడిద రంగు పంచె పరిచి కూర్చుంటారు, అంతే. అయినా ఆ ముగ్గురి జాతకమూ తమరి చేతిలోనే.

మీరు దాక్కుంటే వాళ్ళూ మాయం. మీరు పని మానేస్తే వాళ్ళ చేతులూ కట్టేసినట్టే. వాళ్ళెక్కడున్నారో కొలవాలన్నా ఫారం (ప్రోగ్రాం కిటికీ మొత్తం) మూల నుంచి కాదు, మీ ఎడమ పై మూల నుంచే లెక్క. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 31 కంపార్ట్‌మెంట్లూ నిండాయని పేపర్లో చదివినప్పుడల్లా నాకు మీరే గుర్తొస్తారు. గేటుకు తాళం పడ్డాక లోపల గుమాస్తా ఉన్నా ఒకటే, గుమాస్తా మీద అధికారి ఉన్నా ఒకటే, తీసినప్పుడే కదలాలి. అక్కడైతే పాలు, ఉప్మా పంచిపెడతారు. మీ దగ్గర ఆ మర్యాదా లేదు.

ఈ దర్పం మీకు నిన్నమొన్న వచ్చింది కాదు. 1995లో ప్రోగ్రాములు రాసే డెల్ఫీ అనే పనిముట్టు వచ్చినప్పుడే మిమ్మల్ని ఫారం మీద దించీ దించగానే నట్టనడుమ ‘ప్యానెల్1’ అని మీ పేరు మీరే రాసుకునేవారు. ఆ పేరు (క్యాప్షన్) చెరిపేయడం మరిచిపోయిన ప్రోగ్రామర్లు దేశమంతా ఉన్నారు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకుంటుంటే, కౌంటర్లో కుర్రాడి స్క్రీన్ మీద అడ్వాన్సుకూ అద్దెకూ మధ్య ‘ప్యానెల్3’ అని కనబడింది. “అదేంది తమ్ముడూ?” అని అడిగాను. “సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు సార్” అన్నాడు. మీరు వింటే మురిసిపోయేవారు.

విజువల్ బేసిక్ అనే మరో పనిముట్టు కాలంలో మీ పెద్దన్న ఫ్రేమ్ గారిది మరో రకం. ఫారం మీదున్న బటన్‌ను లాక్కొచ్చి ఆయన మీద పెడితే చూసేవాళ్ళకు లోపలున్నట్టే ఉండేది. ఆయన్ను జరిపితే ఆయనొక్కడే జరిగేవాడు, బటన్ మాత్రం పాత చోటే నిలబడి ఉండేది. దత్తత చెల్లాలంటే బటన్‌ను కట్ చేసి, ఫ్రేమ్‌ను ఎంచుకుని, అప్పుడు పేస్ట్ చేయాలి. చాదస్తమే కావచ్చు. కానీ పిల్లవాడు ఎవరివాడో ఒకసారి నిలబడి ఆలోచించే వీలుండేది.

తమరు దానికి పూర్తిగా తలకిందులు. విండోస్ ఫారమ్స్ డిజైనర్‌లో, అంటే స్క్రీన్లు అమర్చే పనిముట్టులో, ఎవరైనా మౌస్‌తో లాక్కొచ్చి మీ హద్దులో వదిలితే చాలు, అడగకుండా, చెప్పకుండా కొడుకును చేసేసుకుంటారు. దాని ఫలితం తోతాపురి మామిడి సీజన్లో మా చిత్తూరు చూసింది. ఆ కథ తమరికి చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు దోషుల జాబితాలో మీ పేరు లేదు.

కాటా స్క్రీన్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. లోడుతో బండి బరువు ఒకటి, కాయ దించాక ఖాళీ బండి బరువు ఒకటి, రెండింటి తేడా నికర బరువు. బండి కాటా మీదికెక్కాక అంకె ఊగుతుంది. అది కుదురుకునేదాకా ఆపరేటర్ పెట్టెల్లో చేయి పెట్టకుండా ప్యానెల్‌ను, అంటే మిమ్మల్ని, డిసేబుల్ చేస్తారు. సబబే. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి ‘రద్దు’ బటన్‌ను కావాలనే మీ బయట, ఫారం మీద ఉంచారు. అదీ సబబే. యజమాని గారి బావమరిది వచ్చి, “ఆ బటన్ ఒంటరిగా ఉంది, బాగాలేదు, కొంచెం లోపలికి జరపండి” అన్నాడట. అక్కడి కుర్రాడు రెండు వేళ్ళ వెడల్పు ఎడమకు జరిపాడు. చూడటానికి ముచ్చటగా కుదిరింది. తమరు గుటుక్కున మింగారు.

కాటా తీగ వదులైన మధ్యాహ్నం సంగతి బయటపడింది. అంకె రాదు. అంకె రానిదే మీరు లేవరు. మీరు లేవనిదే రద్దు లేదు, ఎందుకంటే రద్దు ఇప్పుడు మీ ఒడిలో బూడిద రంగుకు తిరిగి కూర్చుంది. బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి బారు తీరాయి. “ఏందన్నా, కాయ మాగేదాకా ఈడనే నిలబెడతావా?” అని కాటా మీదున్న డ్రైవరు. మౌస్‌ను మేకు కొట్టినట్టు కొడుతున్న ఆపరేటర్. చివరికి కంప్యూటర్ ప్లగ్గే పీకేశారు, దానితో అప్పటిదాకా కొట్టిన వివరాలు గంగలో కలిశాయి. నాకు ఫోన్ వచ్చింది: “రద్దు బటన్ చెడిపోయింది సార్, కొత్తది వేయండి.” బటన్ నిక్షేపంగా ఉంది. పరువు పోయింది దానిది, పెత్తనం మీది.

చిన్నవి ఇంకా ఉన్నాయి. మీరు కనబడకుండా ఉన్నప్పుడు మీలోని పెట్టెను “విజిబుల్ ఎంత?” (కనబడతావా?) అని అడిగితే, మేం ట్రూ (అవును) పెట్టినా అది ఫాల్స్ (కాదు) అంటుంది. ఆ జవాబు నమ్మి ఎక్కడైనా దాచుకున్న ప్రోగ్రాం రేపు మీరు తెర మీదికొచ్చాక ఆ పెట్టెను శాశ్వతంగా దాచేస్తుంది. బిడ్డ చేత అబద్ధం చెప్పిస్తున్నారు తమరు.

ఒక్క విషయంలో మాత్రం మీకు దండం పెట్టక తప్పదు. రేడియో బటన్లు, అంటే గుంపులో ఒక్కదాన్నే ఎంచుకోనిచ్చే గుండ్రటి చుక్కలు. ట్రాక్టరా, లారీనా అని రెండు. తోతాపురా, నీలమా అని రెండు. నాలుగింటినీ ఒకే ఫారం మీద వదిలేస్తే నాలుగూ ఒక గుంపే. ఆపరేటర్ తోతాపురి అని నొక్కగానే ట్రాక్టర్ చుక్క పోతుంది. మళ్ళీ ట్రాక్టర్ నొక్కితే కాయ పోతుంది. తలో ప్యానెల్‌లో కూర్చోబెడితే అప్పుడు దేని లెక్క దానిదవుతుంది. హద్దు గీయడమే మీ అసలు పని. ఏది ఏ గుంపుదో, ఏది దేనితో పాటు తెరుచుకోవాలో మూసుకోవాలో చెప్పడానికే మీరు. మేమేమో మిమ్మల్ని సందులు పూడ్చడానికి, అంచులు సరిచేయడానికి వాడుతున్నాం, మీరేమో ఆ సందులోనే రాజ్యం స్థాపిస్తున్నారు. జావా వాళ్ళు ముందే మేలుకున్నారు. స్వింగ్ అనే వాళ్ళ స్క్రీన్ల సరంజామాలో రేడియోల గుంపును చూసుకునేది బటన్‌గ్రూప్ అనే వేరే శాల్తీ, అక్కడి జేప్యానెల్‌కు ఆ పెత్తనం ఇవ్వలేదు.

అలాగని జావాలో సుఖంగా ఉన్నామని అనుకోకండి. ప్యానెల్‌లో ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే అక్కడి బోర్డర్‌లేఅవుట్ వాస్తు వేరు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, మధ్య, అంతే. ఈశాన్యం లేదు! మా యజమాని గారికి ఆ మాట చెబితే కాటా గదికే తాళం వేస్తారు. ఈశాన్యం కావాలంటే గ్రిడ్‌బ్యాగ్ లేఅవుట్ కాళ్ళు పట్టుకోవాలి, అది ఆ మూలను ఇచ్చి బదులుగా మన నిద్ర తీసుకుంటుంది. పైగా ఖాళీగా ఉంచాలని సిద్ధాంతులు చెప్పే బ్రహ్మస్థానమే ఈ వాస్తులో అందరికంటే ఎక్కువ జాగా తినేది. దిక్కు చెప్పకుండా ఇద్దరిని చేరిస్తే ఇద్దరూ అక్కడికే పోతారు, చివర వచ్చినవాడే కనబడతాడు, ముందొచ్చినవాడు ఏమయ్యాడో అతీగతీ లేదు.

2006లో డబ్ల్యూపీఎఫ్ అనే మైక్రోసాఫ్ట్ సరంజామాతో వచ్చిన మీ తమ్ముడు స్టాక్‌ప్యానెల్ దానకర్ణుడు. “ఎంత ఎత్తు కావాలంటే అంత తీసుకో నాయనా” అంటాడు. ఆ మాట నమ్మి రైతుల జాబితా సాంతం పరుచుకుంటుంది, స్క్రోల్ బార్ అవసరమే లేదనుకుంటుంది, సగం మంది రైతులు స్క్రీన్ కిందికి జారిపోతారు.

మీ సంతానం సంగతి ఎత్తకూడదనుకున్నాను. కానీ మొన్న విప్పిన ఒక ప్రోగ్రాంలో ప్యానెల్‌లో ప్యానెల్, దాంట్లో ప్యానెల్, అన్నిటికన్నా లోపల ఒకే ఒక లేబుల్, అందులో ‘కిలోలు’ అని ఒకే ఒక్క మాట. విండోస్ ఫారమ్స్‌లో మీలో ప్రతి ఒక్కరూ ఒక కిటికీ కిందే లెక్క. ఒక ప్రోగ్రాంకు అలాంటి యూజర్ హ్యాండిళ్ళు (కిటికీల వంటివాటి గుర్తింపు సంఖ్యలు) మామూలుగా 10,000 దాటనివ్వదు విండోస్. ఆ కోడ్ రాసినాయనకు ఆ హద్దు ఒక సవాలులా తోచినట్టుంది. స్క్రీన్ తెరిస్తే వేపమాను కింద ఎండలా మినుకు మినుకుమంటుంది. ఆపుదామని డబుల్‌బఫర్డ్ అనే సెట్టింగ్ పెట్టబోతే, అది మీలో ప్రొటెక్టెడ్, బయటివాళ్ళు ముట్టుకోకూడదు. మీకొక వారసుణ్ణి పుట్టించి వాడి చేత పెట్టించుకోవాలి. కాళ్ళకు నీళ్ళు కూడా పుత్రుడి ద్వారానే ఇప్పించుకునే వంశం మీది.

ఇక అసలు పని. 2025 సీజన్లో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేలింది. అప్పటిదాకా ధరకు ఒక్క పెట్టె ఉన్న స్క్రీన్‌కు రెండో పెట్టె అవసరమైంది. పైన కొత్త ప్యానెల్ ఒకటి డాక్ చేసి (అంచుకు అతికించి), కింద రైతుల పట్టికను ఫిల్ (మిగతా జాగా నింపు) అన్నారు. వరుస తారుమారై పట్టిక మీ వెనక్కి దూరింది. శీర్షికతో పాటు మొదటి రైతు మీ పొట్ట కిందికి పోయాడు. బిల్లు వచ్చింది, డబ్బు లెక్కా వచ్చింది, తెర మీద మాత్రం మనిషి లేడు. “నా పేరేది సామీ?” అని ఆయన కిటికీ దగ్గర అడుగుతుంటే ఆపరేటర్ మానిటర్ వెనక్కి తొంగి చూశాడు. పట్టికను ఎంచుకుని ‘బ్రింగ్ టు ఫ్రంట్’ అనగానే పెద్దాయన ప్రత్యక్షం.

కాబట్టి ఇకమీదట ఈ ఏర్పాటు. ధరలకు ఒక ప్యానెల్, బరువులకు ఒకటి, రేడియోలకు రెండు. మిగతావారంతా దయచేసి సెలవు పుచ్చుకోండి. రద్దు బటన్‌ను ఫారం మీదికి తెచ్చి, ఎవరి బిడ్డో కోడ్‌లోనే రాసి పెట్టాను. బావమరిది మళ్ళీ వచ్చి జరపమన్నా మీరు నోరు తెరవకండి.

ఇట్లు,
కాటా గది బయట ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్న
తమ విధేయుడు

తా.క.: యజమాని గారు స్క్రీన్ పైభాగాన శ్రీనివాసుడి ఫోటో పెట్టమన్నారు. జాగా లేక బరువుల ప్యానెల్‌లోనే ఒక పిక్చర్‌బాక్స్ పెట్టాను. మిమ్మల్ని డిసేబుల్ చేసినప్పుడు బటన్లు, పెట్టెలు, లేబుళ్ళు అన్నీ బూడిద రంగుకు తిరిగాయి. ఫోటో రంగు ఇసుమంతైనా మారలేదు. యజమాని గారు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. పిక్చర్‌బాక్స్ స్వభావమే అంత అని నేనింకా ఆయనకు చెప్పలేదు.